పొట్టకు పెట్టిన పైపు

"ఎవల్నడిగి సంతకం పెట్టినవ్‌రా?"

మహబూబ్‌నగర్ దవాఖానల, అందరు చూస్తుండగనే బిక్షమ్మ కొడుకు చొక్కా పట్టుకున్నది. రెండో చేతిల రాగిజావ డబ్బా. జావ కాచుకొని వచ్చేసరికి భర్త ఇస్రాయేలు మంచం ఖాళీగున్నది. పక్షవాతంతోని ఎడమపక్క పడిపోయి, మాట పోయి నెల రోజులైంది. మింగుడు కష్టమైందని, తిండి పోసేటందుకు పొట్టకు పైపు పెట్టనీకి లోపలికి తీస్కపోయిండ్రు.

"నేనే పెట్టిన" అన్నడు బెంజమిన్, తల వంచుకొని.

"నేను వద్దన్నది యాది లేదా? నిన్న నా చేత్తోని పోస్తే ఆరు చెంచాలు తాగిండు."

"తాగినంక దగ్గుతోని నీలపడ్డడు కదమ్మా. జావ ఊపిరితిత్తులల్లకు పోతాంది. రెండుసార్లు జ్వరమొచ్చె."

"దగ్గు అందరికి వస్తది. తినబెట్టే ఓపిక లేక నీ తండ్రి నోరు మూసేస్తివి. నేను ఇంటికి పోయేదాక కాసుకున్నవ్ చూడు, గది మర్వను."

బెంజమిన్ కండ్లు తుడుచుకున్నడు.

తలుపు తీసుకొని డాక్టర్ మల్లిక బయటికొచ్చింది. "అయిపోయిందమ్మా. పెద్ద కోత ఏం లేదు. నోట్లకెళ్లి కెమెరా పంపి చూసుకుంట, పొట్ట మీద చిన్న రంధ్రం చేసి పైపు పెట్టినం. మింగుడు బాగైతే తీసేస్తం."

"నన్నడగకుండ వీడు సంతకం పెడితే మీరెట్ల చేసిండ్రు? నలభై ఏండ్లు వండిపెట్టిన దాన్ని, నాకు లేని హక్కు వీనికెక్కడిది?"

డాక్టర్ బెంజమిన్ దిక్కు వింతగ చూసింది. "సంతకం ఈయనది కాదు కదా."

"మేడం, వద్దు" అన్నడు బెంజమిన్.

అప్పటికే బిక్షమ్మ ఆమె చేతిలకెళ్లి ఫైల్ గుంజుకున్నది. కాయితం కింద ఉన్నది బస్సు కండక్టర్‌గ చేసినన్నాళ్లు ఇస్రాయేలు పెట్టిన సంతకమే, జర వంకరగ. దాని మీద రెండు వరుసలు ఆయన రాతే. ఐదో తరగతి చదువుతోని ఆమె కూడబలుక్కుంట చదివింది.

"మా బిక్షమ్మకు చెప్పకుండ పెట్టుండ్రి. ఆమె చెంచా పట్టుకొని వస్తుంటే నాకు భయమైతాంది."