పక్క మడి

"ఆ రంగుల చిమ్మటకు గుడ్లు పెట్టడానికి నా లిల్లీలే దొరికాయా?"

నర్సరీలో పనిచేసే చిన్నామె గొణుక్కుంటూ, తన మడిలో ఏరి డబ్బాలో వేసిన గొంగళిపురుగులను పక్క మడిలో వదులుతోంది. ఆ మడి చూసుకునే పెద్దామె వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నా మొక్కలు నీకేం ద్రోహం చేశాయే?"

"మొక్కలు కాదక్కా, నువ్వే! తెల్లారితే చాలు, మేస్త్రి నీ మడి చూపించి 'దాన్ని చూసి నేర్చుకో' అంటాడు. నీ పూలు చూస్తే నా కళ్ళల్లో కారం కొట్టినట్టుంటుంది!"

పెద్దామె పట్టు సడలింది.

"నాకూ రోజూ అదే పాట. నీ మడి చూపించి."

"నాదా? పురుగులు తినేసిన మడా?"

"అదే. నేను నిన్ను తిట్టుకోని పూట లేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"డబ్బాలో ఇంకా ఎన్నున్నాయే?"

"గుప్పెడు."

"పద. వాడి గది ముందు కుండీలోవీ లిల్లీలే."