వెంట్రుకవాసి

"చూశావా? ఏడాది కిందట నేను వేసిన ఆయిల్ సీలు. ఒక్క చుక్క కారలేదు," అన్నాడు ముసలి మేస్త్రి, బెల్టు మార్చడానికి విప్పిన కారు ఇంజను ముందు చతికిలబడి.

"మీ చెయ్యి పడ్డాక కారుతుందా, మావయ్యా?" అంది కోడలు, పాన తుడుచుకుంటూ.

ఆ మాటకి ఆయన బడలిక సగం తీరింది. సుత్తి పట్టిన చెయ్యి ఎప్పట్నుంచో మాట వినడం లేదు మరి.

క్రాంక్ షాఫ్టు చుట్టూ గుడ్డతో తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు. నూనె కారకుండా దానికి తొడిగిన ఆ రబ్బరు సీలు గూటి అంచుకి సమంగా లేదు. వెంట్రుకవాసి లోపలికి ఉంది.

ఆయన జన్మలో అలా వెయ్యలేదు. పాత సీలు షాఫ్టుని అరగదీసిన చోటే కొత్తది కూర్చోకూడదని, కాస్త లోపలికి దించేది ఆ షెడ్డులో కోడలొక్కతే. చాదస్తమని ఎన్నిసార్లు కసిరాడో!

"ఇది నేను వేసింది కాదు."

"మీరే వేశారు, మావయ్యా."

"మరి లోపలికెందుకుంది?"

కోడలు తల దించుకుంది. "ఆవేళ మీరు ఇంటికెళ్ళాక స్టార్ట్ చేసి చూశాను. కారుతోంది."

"ఇదొక్కటేనా?"

ఆమె వంగి కింద పడ్డ బోల్టులు ఏరుకుంది.

మూలన ఇంకో ఇంజను సీలు కోసం కాచుకుని ఉంది. ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచి, తన సుత్తి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"దానికి నువ్వే వెయ్యమ్మా. నేను ఇంటికెళ్ళేదాకా ఆగక్కర్లేదు. లైటు నేను పట్టుకుంటాను. లైటు వణికితే ఆయిలు కారదుగా!"