చిటికెడు కొసరు

"ఆగండి అంకుల్!"

తుపాకీ మోత వినపడకుండా చెవులకు మఫ్‌లు పెట్టుకున్న హెలెనాకు అది "ఎగైన్" అని వినిపించింది. షూటింగ్ రేంజ్‌లో పెత్తనం ఆవిడదే. "ఎగైనా? ఇంకా మొదలే కాలేదు మేట్!" అంటూ నవ్వి, కాల్చమని బొటనవేలు చూపింది.

కాల్పుల గీత దాటితే నేరం, దాటకపోతే ఘోరం. అరిచిన డేనీ గీత వెనకే ఆగిపోయాడు. బోర్లా పడుకున్న రాయప్ప అంకుల్ పాత మిలిటరీ రైఫిల్‌లోకి తూటా తోశాడు. అందులో మందు పోసింది డేనీయే. యూనివర్సిటీ చదువుకు ఈ దేశమొచ్చిన తనకు గదిచ్చిన అంకులే నిన్న తూటాలు నింపడం నేర్పి, ఫ్రెండ్స్ తూటాలు కూడా తనతోనే నింపించాడు. మందు రవ్వంత ఎక్కువైనా తుపాకీ పగిలిపోతుందని పక్కవాళ్లు అనుకోవడం మాత్రం ఇప్పుడే విన్నాడు.

రెండు చేతులూ ఎత్తి ఏడుస్తూ గెంతాడు. హెలెనా చటుక్కున కాల్పులు ఆపించింది. అంకుల్ తూటా బయటికి తీసి లేచొచ్చాడు.

"ఏమైందిరా?"

"మీరు చెప్పిన తూకమే వేశానండి. వేశాక..."

"వేశాక?"

"మా కొట్లో అలవాటు కదండీ. చిటికెడు కొసరు కూడా..."

అంకుల్ మొహం పాలిపోయింది. "ఒరే, ఇది మీ నాన్న అమ్మే కందిపప్పు కాదురా! ఇక్కడ కొసరంటే ప్రాణానికి ఎసరే!"

"వాట్స్ కొసరు?" అంది హెలెనా. జనం మూగారు.

అంకుల్ అందరికీ ఇంగ్లీషులో వివరించాడు. "మా వైపు తూకం సరిపోయాక పైన ఇంకాస్త వేస్తారు. అది అభిమానం." తర్వాత డేనీ వైపు తిరిగాడు. "అన్నిట్లోనూ వేశావా?"

డేనీ తల దించుకున్నాడు.

"అన్నిట్లోనూ అండి. మీ ఫ్రెండ్స్ వాటిల్లో ఒక చిటికె. మీరు గదిచ్చారు కదాని, మీ వాటిల్లో రెండు."