చీతా తోలు

అది 1985. వీరరాఘవులు కత్తెరతో వంగాడో లేదో, తల్లి జగదాంబ చీతా తోలును లాక్కుంది. చనిపోయిన తండ్రి దానిమీదే జపం చేసుకునేవాడు.

“శాస్త్రవేత్తలకు పంపడానికి గోరంత ముక్క చాలమ్మా! అంతరించిన జంతువు తోలులోంచి జీన్లు తీశారట. రేపు మన దేశంలో చీతా మళ్లీ పుట్టొచ్చు.”

“పుడితే ఏటి? దానికి వేట ఎవరు నేర్పుతారు?”

“నీకు సైన్సు తెలీదు, ఇటివ్వు.”

“నాకు చీతా తెలుసురా! దీన్ని కాల్చింది మీ నాన్నే.”

“అరే! జపానికి దానంతటది చచ్చిన జంతువు తోలే వాడాలనేవారే!”

“అందరికీ అలాగే చెప్పారు. దీని కూనలు రెండింటికీ నేనే పాలు పట్టాను. పెద్దవయ్యాక కోడిని చూసినా జడిసిపోయేవి. అడవిలో వదిలితే ఆకలితో చచ్చిపోయాయి.”

వీరరాఘవులు గొంతు తగ్గింది. “ఈసారి ఎవరో ఒకరు చూసుకుంటారమ్మా.”

“మీ నాన్నా ఆ మాటే అని, కూనల్ని నా ఒళ్లో పడేసి వెళ్లిపోయారు.”