షరా గడి

కెనడాలోని మా సస్కటూన్ ధాన్య పరీక్షాశాలలో ఇకపై ఏ యంత్రమైనా అంకెల్లో దశాంశ చుక్క పెట్టాల్సిన చోట కామా పెడితే రాజద్రోహం కింద శిక్షార్హమని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది.

మావి మూడు యంత్రాలు. గోధుమల్లో తేమను ఒకటి శాతాల్లో చెబుతుంది, ఒకటి గ్రాముల్లో, మూడోది దాని ఇష్టం. లెక్కలన్నీ ఒకే పట్టికలోకి మార్చి మిగతా పరీక్షాశాలలకు పంచడానికి కోలెట్ వచ్చింది. నేను యంత్రాలు తుడిచేవాణ్ణి.

"మూడోదాంట్లో ఈ షరా గడి ఏంటి గురూగారూ? మిగతావాటికి లేదు. పీకేస్తున్నా."

"మా ఆవిడ డారియా రాతలమ్మా అవి. పదకొండేళ్లు దీనిమీద పనిచేసింది. మార్చిలో పోయింది. అది పీకేస్తే ఆవిడ మాటంటూ ఇంకెక్కడా మిగల్దు."

కోలెట్ మౌస్ మీంచి చెయ్యి తీసింది. "ఏం రాసేవారు?"

"'ఎవడో కిటికీ తీశాడు, మళ్లీ తూచాలి.' 'యంత్రానికి ఇవాళ జలుబు.' 'మా దొరగారు మధ్యాహ్నం వేడివేడి పెరోగీ కుడుములు పట్టుకొచ్చారు, కడుపు నిండింది.'"

"ఊరుకోండి, ఏడిపించేలా ఉన్నారు," అంటూ కోలెట్ ముక్కు తుడుచుకుంది. ఆ గడి ఉంచేసి, మిగతా రెండు యంత్రాలకూ ఖాళీ షరా గడి చేర్చింది.

నాకు ఏడుపేమీ రాలేదు. గుడ్డ తడిపి మూడో యంత్రం తుడిచాను.

డారియా షరాలన్నీ అంతకుముందు వారమే మొదటినుంచి చివరిదాకా చదివాను. కిటికీ ఉంది, జలుబు ఉంది. పెరోగీలు మాత్రం నేను కల్పించినవే. పదకొండేళ్లలో ఒక్క మధ్యాహ్నమైనా నేను పట్టుకెళ్లలేదు.