ముందు వరస

“మా బెవన్ లాంటి కొడుకు పగవాళ్లకి కూడా వద్దు,” అంది నోలీన్, బస్సెక్కిన ఐదు నిమిషాలకే.

బస్సు మాస్టర్టన్ నుంచి వస్తోంది. ఆవిడ ఫెదర్‌స్టన్‌లో ఎక్కింది. లోపల పద్దెనిమిది మంది, అందరూ వెల్లింగ్టన్‌కే. మధ్యాహ్నం అక్కడ దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు ఆడుతోంది. నల్లవాళ్లని వేరుపెట్టే ఆ దేశంతో ఆట ఆపించాలని వీళ్ల పట్టుదల. నోలీన్‌కి వీళ్లలో ఒక్కరూ తెలీదు. అయినా నోటికి ముఖపరిచయంతో పనేముంది?

“ఏం చేశాడేమిటి పాపం?” అంది పక్క సీట్లో ఉన్న హుహానా. ఇక్కడి మూలవాసులు మావోరీల్లో పుట్టినావిడ, ఈ బస్సుకి పెద్దదిక్కు.

“ఏం చెయ్యలేదో అడుగక్కా. ఈ చలికాలం మొత్తం ఆ జట్టు ఏ ఊళ్లో ఆడితే ఆ ఊళ్లో ప్రత్యక్షం. ముందురోజు ఫోన్ చేసి ఎక్కడున్నావురా అంటే చెప్పడు. రహస్యమట! కన్నతల్లి దగ్గర!”

ముందు సీట్లో స్కూలు మాస్టారు డెస్మండ్ గిర్రున తిరిగాడు. “అన్ని నిరసనల్లోనూ ఉన్నాడా?”

“అన్నిట్లోనూ. అదీ ముందు వరసలో. గెడకర్రలా పెరిగాడు కదా, చూడగానే ముందు నిలబెడతారు. నెల కిందట ఎవరో వాడి మీద గుడ్లు విసిరారు. ఆ బట్టలు తెచ్చి నా మొహాన పడేశాడు. గుడ్డు మరకకి వేణ్నీళ్లు తగిలాయా, ఇక వదలదు. చన్నీళ్లలో ఉతికేసరికి నా వేళ్లు కొంకర్లు పోయాయి.”

“ఆ ఆట పిచ్చోళ్ల పనే అయ్యుంటుంది. సిగ్గులేని మనుషులు!” అన్నాడు డెస్మండ్.

నోలీన్ కిటికీలోంచి కొండకేసి చూసింది. “ఎవరు వేశారో నేను చూళ్లేదు బాబూ.”

బస్సు కొండ మలుపులు తిరుగుతోంది. మూడో మలుపులో వెనక సీట్లోని పాస్టరుగారు మర్యాదగా ఒక కాగితం సంచీ అడిగి పుచ్చుకున్నారు. నాలుగో మలుపులో హుహానా టెలిఫోన్ డైరెక్టరీలు పంచింది. లాఠీ దెబ్బ తగలకుండా స్వెట్టరు లోపల పెట్టుకోవాలి.

“మా ఊరిది మాత్రం ఇవ్వకు,” అంది నోలీన్. “పట్టుమని పది పేజీలుండదు. ఆక్లండ్‌ది ఉంటే చూడు.”

నవ్వులయ్యాక హుహానా నెమ్మదిగా చెప్పింది. “మా అన్న మంచి ఆటగాడమ్మా. అప్పట్లో మన జట్టు దక్షిణాఫ్రికా వెళ్తూ మావోరీలని ఇక్కడే వదిలేసింది. అక్కడ వాళ్లు ఒప్పుకోరట. అన్న ఆ వారమంతా బూట్లు తుడుస్తూనే కూర్చున్నాడు.”

“ఒకరికి బల్ల మీద, ఒకరికి గడపవతలా వడ్డించే ఇంట్లో నేను టీ కూడా తాగను,” అంది నోలీన్. “అలాంటి వాళ్లతో ఆటేమిటి? ఇదే మాట మూడు వారాల కిందట భోజనాల దగ్గరన్నాను. అక్కడే మొదలైంది మా వాడితో.”

“అదేం? సంతోషించలేదా?” అంది హుహానా.

“నేనూ వస్తానురా అన్నాను. పకపకా నవ్వాడు. ‘అక్కడికి నీలాంటివాళ్లు ఒక్కరూ రారమ్మా, నేను రోజూ చూస్తున్నాగా,’ అన్నాడు. వస్తే ఏం చేస్తావన్నాను. అందరి ముందూ తప్పొప్పుకుంటానన్నాడు. మాటామాటా పెరిగింది. ఓవెన్‌లో గొర్రె తొడ అలాగే ఉంది, వాడు తలుపు విసిరేసి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఫోన్ లేదు, ఆదివారం భోజనం లేదు.” ఆక్లండ్ డైరెక్టరీని స్వెట్టరు లోపలికి తోసుకుంటూ అంది. “వాడు ఆ మాట అంటాడో, నన్ను చూసి మొహం తిప్పుకుంటాడో, ఇవాళ తేలిపోవాలి.”

“కుర్రాళ్లకి అంతే. ఉద్యమం తమ సొత్తనుకుంటారు,” అన్నాడు డెస్మండ్. “అయినా అలాంటి కొడుకు ఇంటికొకడుండాలండీ!”

“ఒకడికే ఇలా ఉంది,” అంది నోలీన్.

వెల్లింగ్టన్‌లో గాలి మనుషుల్ని తోసుకుపోతోంది. వీధినిండా జనం. బస్సువాళ్లు చేతులు పెనవేసుకుని నడిచారు. డెస్మండ్ నెత్తిన క్రికెట్ హెల్మెట్, పాస్టరుగారి నెత్తిన చిల్లుల గిన్నె. నోలీన్ పక్కింటి కుర్రాడి మోటారు సైకిల్ హెల్మెట్ పెట్టుకుని, మోచేతులతో దారి చేసుకుంటూ ముందుకి, ఇంకా ముందుకి పోతోంది.

“మీవాడు కనబడ్డాడా?” అని అరిచాడు డెస్మండ్.

“ఉంటాడు. పదండి!”

మైదానం వీధి మలుపులో పోలీసులు రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు. ఎవరో ఆజ్ఞ ఇచ్చారు. లాఠీలన్నీ ఒక్కసారి ఛాతీ ఎత్తుకి లేచాయి. నినాదాలు ఆగిపోయాయి. నోలీన్ పొట్ట మీద ఆక్లండ్ డైరెక్టరీ ఎగిరెగిరి పడుతోంది.

“ఇక చాలు, వెనక్కి రండి,” డెస్మండ్ ఆవిడ కోటు పట్టుకున్నాడు. “ఇదే ముందు వరస. మనకి ముందు మనవాళ్లెవరూ లేరు. మీ అబ్బాయి రాలేదండీ.”

నోలీన్ కోటు విడిపించుకుంది. రెండడుగులు వేసి హెల్మెట్ తీసేసింది. నెరిసిన జుట్టు గాలికి పైకి లేచింది.

“బెవన్! వచ్చానురా. ఇప్పుడు చెప్పు!”

హుహానా అటూ ఇటూ వెతికింది, వెనక్కి తిరిగి జనంలోనూ వెతికింది. నోలీన్ మాత్రం కదల్లేదు.

ఎదుటి వరసలో అందరికంటే పొడుగాటి పోలీసు లాఠీ దించి, హెల్మెట్ అద్దం ముఖం మీంచి పైకెత్తి, వీధి మొత్తానికీ వినిపించేలా, “నాదే తప్పమ్మా,” అన్నాడు.