పొద్దు మునిగే సముద్రం

"పెద్దాయనా, లేయండి. అది మా మోనికా సీటు."

బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని మారికుప్పం స్టేషన్లో రైలుబండి ఇంకా కదలనే లేదు. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన చుట్టూ చూశాడు. మోనికా అనదగ్గ మనిషెవరూ కనిపించలేదు.

"యాడుండాదమ్మా ఆ పాప?"

"వచ్చే స్టేషన్, ఛాంపియన్‌లో ఎక్కుతాది," అంది ప్రిన్సీ.

టిక్కెట్టు మీద సీటు నంబరు లేని బండి అది. అయినా, గనులు మూతబడ్డాక సగం ఊరు బెంగళూరు పనులకు పోయే ఆ బండిలో ఎవరి సీటు వాళ్ళదే. కర్చీఫ్ వేస్తే రిజిస్ట్రీ అయిపోయినట్టే. కొత్తవాళ్ళకే ఆ సంగతి తెలియదు.

పెద్దాయన వాదించలేదు. ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకుని లేచి, తలుపు దగ్గర ఆనుకుని నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, నెరిసిన మీసం. ఏ పెళ్ళికో పోతున్నాడనుకుంది ప్రిన్సీ.

ఛాంపియన్‌లో మోనికా ఎక్కుతూనే అడిగింది. "ఏమే, బ్రెజిల్ నోటికొచ్చిందా?"

ఆ రోజు ప్రిన్సీకి ఇంటర్వ్యూ. బెంగళూరులో ఒక టూర్ల కంపెనీ పదిహేనుమంది పెద్దవాళ్ళను బ్రెజిల్‌లోని సాల్వడార్ అనే సముద్రపు ఊరికి పంపుతోంది. వెంట వెళ్ళి అన్నీ చూపించే మనిషి కావాలి. ఇద్దరినే పిలిచారు. ఉద్యోగం ఒక్కరికే.

ఇప్పటికే నాలుగు ఉద్యోగాలు చేతికందినట్టే అంది జారిపోయాయి. ఇదీ పోతే మేనత్త ఫ్యాన్సీ షాపులో కూర్చోవలసిందేనని వాళ్ళమ్మ తేల్చి చెప్పేసింది.

"ఆ రెండో మనిషి ఎవరో?" అంది మోనికా.

"ఇంగ్లీషు దంచే బెంగళూరు పిల్ల ఎవరో అయ్యుంటాది. దేవుడా, దానికి ఈ పొద్దు కాలు బెణకాల!"

తలుపు దగ్గర పెద్దాయన పగలబడి నవ్వాడు.

ప్రిన్సీ ఆయన్ని కొరకొరా చూసి, నోటుబుక్కు తెరిచి పైకి చదివింది. "మొదటి రోజు తెల్లారుజామున లైట్‌హౌస్. సముద్రంలోంచి పొద్దు పుట్టేది చూపిస్తాను..."

"చూపీలేవమ్మా," అన్నాడు పెద్దాయన.

"ఎందుకు చూపీలేను? వేళాంగణ్ణిలో నేనే చూసినాను. పొద్దు సముద్రంలోనే పుడతాది."

ప్రిన్సీ పుట్టి బుద్ధెరిగాక చూసిన సముద్రం అదొక్కటే. అదీ ఏడో తరగతిలో, చర్చిలో మాత పండక్కి పోయినప్పుడు.

"మన సముద్రం తూర్పుకుండాది. ఆ లైట్‌హౌస్ పడమటికి తిరుక్కొని ఉండాది. ఆడ పొద్దు నీళ్ళల్లో మునుగుతాది. సాయంత్రం ఐదుకంతా తీసకపో. అది మునిగినాక జనం చప్పట్లు కొడతారు చూడు!"

ప్రిన్సీ రాసింది కొట్టేసింది. "రేవు కాణ్ణించి పాత ఊరికి గుట్టెక్కి నడిపిస్తాను..."

"పెద్దోళ్ళ మోకాళ్ళు ఏమైపోవాల? ఆడ లిఫ్ట్ ఉండాది. మన గనిలోకి మనుషుల్ని దింపే కేజ్ మాదిరే. కింది ఊర్లో ఎక్కితే అర నిమిషంలో పై ఊర్లో దింపేస్తాది. పైనంతా రంగురంగుల ఇండ్లు, రాళ్ళు పరిచిన దోవ. గట్టి చెప్పులేసుకోమను."

"తిండేముంటాది తాతా?" మోనికా ఆత్రం మోనికాది.

"ఆడోళ్ళు తెల్లబట్టలు కట్టుకొని బజార్లో వడలు కాలుస్తా ఉంటారు. అచ్చం మన అలసంద వడే. నడిమికి చీల్చి రొయ్యలు కూరతారు. మాంసం ముట్టనోళ్ళుంటే ఉత్త వడ ఇయ్యమని ముందే చెప్పాల. ఇంగ ఒక చర్చి ఉండాది. దాని కమ్మీలకంతా రిబ్బన్లే. మూడు ముళ్ళేసి, ముడికొక కోరిక కోరుకోవాల."

"మూడు ముళ్ళు పడితే ఇంగేం కోరిక? పెండ్లయిపోయినట్టే గదా!" అంది మోనికా.

రైలుపెట్టెంతా గొల్లున నవ్వింది.

"తాతా, నువ్వు పోయొచ్చినట్టే చెప్తావే!" అంది ప్రిన్సీ.

"పోయొచ్చినాననే అనుకో."

మళ్ళీ నవ్వులు. కేజీఎఫ్‌లో వీధికొక కోతలరాయుడు ఉంటాడు. ఈయన టీవీ బాగా చూసే రకం అనుకుంది ప్రిన్సీ. అయినా ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది.

"ఈ పని అంత కావాలనా పాపా నీకు?" ఉన్నట్టుండి అడిగాడాయన.

"పని కావాల తాతా. అంతకన్నా, సముద్రం ఇంగో తూరి చూడాలని ఉండాది."

పెద్దాయన చంకలోని కవరు సర్దుకున్నాడు. బెంగళూరు కంటోన్మెంట్‌లో అందరికన్నా ముందు దిగాడు.

"పోయొస్తానమ్మా. లైట్‌హౌస్ సాయంత్రం. మరిచిపోవద్దు."

ప్రిన్సీ నోటుబుక్కులోంచి తల ఎత్తకుండానే చెయ్యి ఊపింది.

కంపెనీ మేనేజరు ఉమేశ్ కేజీఎఫ్ దగ్గరి ముళబాగిలు మనిషి, తెలుగువాడే. తెలుగులోనే అడిగాడు. "లైట్‌హౌస్‌కు ఎప్పుడు తీసకపోతావమ్మా?"

"సాయంత్రం ఐదుకంతా సార్!"

ఉమేశ్ కుర్చీలో ముందుకు జరిగాడు. ప్రిన్సీ ఇక ఆగలేదు. లిఫ్ట్ ఎక్కించింది, వడలు తినిపించింది, రిబ్బన్లు కట్టించింది. అరగంటకల్లా ఉద్యోగం కాగితం చేతిలో పడింది. ఆనందం పట్టలేక కూర్చోనూ లేక, లేవనూ లేక సతమతమైంది.

"మరి ఆ రెండోవాళ్ళు ఇంగా రావాల్నా సార్?"

"వచ్చి పొయినాడమ్మా. మీ ఊరాయనే, ప్రేమరాజు అని. గని మూతబడినాక ఓడల్లో వంటకు చేరినాడు. ఆ సాల్వడార్ రేవులో పద్నాలుగు తూర్లు దిగినాడు. ఆయనకే ఇద్దామని నేను తీర్మానం చేసుకొనింటి."

ప్రిన్సీ ఒళ్ళోని నోటుబుక్కు వైపు చూసింది. తాతా తాతా అంటూ అన్నీ చెప్పించుకుని రాసుకుంది గానీ, ఆయన పేరు మాత్రం అడగలేదు.

"మరి ఏమైంది సార్?"

"'ఆ సముద్రం నేను చూసేసినాను సార్, నా వెనకాల వస్తా ఉండే పాప ఇంగా చూడాల' అని చెప్పి, తన కాగితాలు తనే వెనక్కి తీసుకొని పొయినాడు."